పర్లాకిమిడి మిల్లులో మొదటి ఆల్బం: పని డైరీ

సంక్రాంతి వెళ్ళిన వారం

జాగా దొరికింది. పాతపట్నం వెళ్ళే దారిలో మావయ్యవాళ్ళ పాత ఉప్పుడు బియ్యం మిల్లు. ఆడించడం ఎప్పుడో మానేశారు. గోదాము మాత్రం ఏటా ఎరువుల బస్తాలకి అద్దెకిస్తారు. తొలకరికి ముందు బస్తాలు దిగుతాయి, ఈలోపు ఏం చేసుకుంటారో మీ ఇష్టం అన్నాడు మావయ్య. "మూలల్లో ఎలకలమందు ఉంది, దాని జోలికెల్లకండి" అని తాళం చేతిలో పెట్టాడు. అంతకుమించి షరతులేం లేవు.

మేం నలుగురం. గిటారు బావ, మా పెద్దత్త కొడుకు. పాట, హార్మోనియం మా పిన్ని కూతురు. డ్రమ్ములు పెళ్ళి మేళంలో సైడుడ్రమ్ము వాయించే కుర్రాడు. వాణ్ణి అందరం గురూ అనే పిలుస్తాం. బేసు గిటారు, రికార్డింగు నావి. బ్యాండుకి పేరు ఇంకా కుదరలేదు. ఆ గొడవ ఈ డైరీలోకి తీసుకురాను.

మేం వాయించేది సైకెడెలిక్ రాక్. అంటే గంజాయి పాటలా అని బావ వాళ్ళ నాన్న అడిగాడు. 1966, 67 ప్రాంతాల్లో టెక్సస్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో, లండన్‌లో మత్తు చుట్టూ పుట్టిన మాట నిజమే. మాకు కావలసింది ఆ రికార్డుల పనితనం. గొంతుని గదిలోంచి, టేపులోంచి, తిరిగే స్పీకర్లోంచి నడిపించి, బయటికొచ్చేసరికి అది ఎవరి గొంతో పోల్చుకోలేనట్టు చెయ్యడం. ఆస్టిన్‌లో థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ అనే బ్యాండు 1966లో మొదటి ఆల్బం తెచ్చింది. అందులో టామీ హాల్ అనే ఆయన పని ఏమిటంటే, కూజా మూతి దగ్గర మైకు పెట్టుకుని నోటితో గుడగుడలాడించడం. అంతే. ఆల్బం నిండా అదే చప్పుడు. ఇది చెబితే పెద్దాయన కాస్త మెత్తబడ్డాడు. కూజాకి కేసులుండవు కదా.

మన దేశానికీ ఇది మరీ కొత్తేం కాదు. ఒక సిగరెట్టు కంపెనీ పెట్టించిన పోటీల్లోంచి 1970, 71ల్లో సిమ్లా బీట్ పేరుతో ఎల్పీ రికార్డులు వచ్చాయి. అన్నీ కుర్రాళ్ళ బ్యాండులే. అయితే పాటలు దాదాపు అన్నీ ఇంగ్లీషువి.

పని మొదలెట్టకముందే ఒక్క నియమం పెట్టాను: "తర్వాత మిక్సులో చూసుకుందాం" అనే మాట ఈ మిల్లులో ఎవరూ అనకూడదు. ల్యాప్‌టాపులో ట్రాకులకి, అంటే విడివిడిగా పట్టుకునే శబ్దాల వరసలకి, అంతుండదు. అందుకే ఇళ్ళలో మొదలైన ఆల్బములు ఇళ్ళలోనే ఉండిపోతాయి. నా దగ్గరున్న ఇంటర్‌ఫేసుకి, అంటే మైకుల్ని ల్యాప్‌టాపుకి కలిపే పెట్టెకి, ఇన్‌పుట్లు రెండే. ఇంకోటి కొనడానికి డబ్బుల్లేవు, ఉన్నా కొననని చెప్పేశాను. రెండు రంధ్రాల్లోంచి ఏం వెళ్తే అదే ఆల్బం.

మాఘం, డ్రమ్ములు

గోదాము పొడవు 60 అడుగులకి కాస్త తక్కువ, పైన రేకులు. చప్పట్టు కొడితే రెండు సెకన్లు దాటినా తోక తెగడంలేదు. అలాంటిచోట డ్రమ్ములు పెడితే వర్షం పడినట్టే. మిల్లు వెనక పాత ఊక గుట్టలున్నాయి. గోనెసంచుల్లో ఊక కూరి, డ్రమ్ముల వెనకా పక్కలా మనిషెత్తున పేర్చాం. కొనుక్కునే ఫోము పలకలు పైపైన కీచుని తాగుతాయి గానీ, ఊకబస్తా మందం వల్ల కింది శబ్దం కూడా కొంత ఆగుతుంది. ఖర్చు సంచులదే. దుమ్ముకి గురు మూతికి తువ్వాలు కట్టుకుని వాయించాడు.

మైకులు నాలుగు: కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము కిక్కు దగ్గరొకటి, కర్రలతో వాయించే చిన్న డ్రమ్ము స్నేరు మీదొకటి, నెత్తి మీదొకటి, కాస్త దూరంగా అటక మీద ఒకటి. మొదటి మూడూ సౌండ్ సర్వీస్ వాళ్ళ దగ్గర అద్దెకి తెచ్చిన పాత మిక్సరులో కలిపి ఒకటే తీగ చేసి మొదటి ఇన్‌పుట్‌లోకి. అటక మైకు ఒక్కటీ రెండో ఇన్‌పుట్‌లోకి. డ్రమ్ములకీ దానికీ 6 మీటర్ల దూరం, అంటే శబ్దం దాదాపు 17 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని సరిచెయ్యలేదు. డ్రమ్ములు పెద్దగా వినిపించడానికి కారణమే అది.

గురుకి సంగతి అర్థమయ్యాక అడిగాడు:

"ఇప్పుడే కలిపీసినావంటే మరి రేపు మార్చనేవు కదేటి అన్నా?"

"మార్చలేను."

"కిక్కు తక్కువైపోతే?"

"మళ్ళీ వాయించాలి."

కాసేపు ఆలోచించి స్టూలు ముందుకి జరుపుకున్నాడు. ఆ తర్వాత వాయించినది వేరే వాయింపు. రేపు ఎవడో కంప్యూటర్లో సర్దుతాడన్న భరోసా పోతే కాలు తనంతట తనే బరువు తెలుసుకుంటుంది. ఊరేగింపులో నడుస్తూ వాయించే అలవాటు వల్ల స్నేరు మీద గడగడమనే డ్రమ్‌రోలు ఎక్కడా తెగదు. ఆ డ్రమ్‌రోలునే రెండో పాటకి ఆధారం చేసుకున్నాం, ఇత్తడి సింబల్సు పూర్తిగా తీసేశాం.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. పింక్ ఫ్లాయిడ్ మొదటి ఆల్బం 1967 ఫిబ్రవరి నుంచి మే దాకా లండన్ ఆబీ రోడ్‌లో ఇఎంఐ అనే రికార్డు కంపెనీ వాళ్ళ స్టూడియోలో రికార్డయింది. నిర్మాత నార్మన్ స్మిత్. అప్పుడక్కడున్నవి నాలుగు ట్రాకుల టేపు యంత్రాలు. నాలుగూ నిండితే వాటిని కలిపి రెండో యంత్రం మీద ఒకటో రెండో ట్రాకులుగా దింపి, మిగిలిన ఖాళీలో మళ్ళీ వాయించేవాళ్ళు. అలా దింపిన ప్రతిసారీ టేపు సొద కాస్త పెరుగుతుంది, కలిపినది ఇక విడదీయలేరు. ఆ కాలపు రికార్డుల్లో వినిపించే తెగువలో సగం ఇందులోంచి వచ్చిందేనని నా నమ్మకం. బావ ఒప్పుకోడు. వాళ్ళకి వేరే దారి లేక చేశారు, మనకుంది అంటాడు. ఉన్న దారి మూసుకుని నడవమనే నేనూ అంటున్నాను.

శివరాత్రి దాటాక, కరెంటు శ్రుతి

ముందు ఎర్తు. మిల్లు వైరింగు పాతది, మూడో తీగ ఎక్కడా లేదు. గిటారు తీగలు పట్టుకుని మైకుకి పెదవి ఆనిస్తే చురుక్కుమంటోంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి గొయ్యి తవ్వించి, గొట్టం దింపి, బొగ్గూ ఉప్పూ పోసి నీళ్ళు కొట్టించాం. పాత కట్టడాల్లో బ్యాండు పెట్టుకునేవాళ్ళు మైకు కొనకముందు చెయ్యాల్సిన ఖర్చు ఇదే.

ఎర్తు పడ్డాక చురుక్కుమనేది పోయింది గానీ "హమ్మ్" పోలేదు. బావ గిటారుకి సింగిల్ కాయిల్ పికప్పులు, అంటే తీగల కదలికని పట్టే ఒంటి చుట్ట అయస్కాంతాలు. అవి గోడలో పారే కరెంటుని కూడా వింటాయి. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తాలు. ఆ హమ్ముని ట్యూనర్‌కి చూపిస్తే జి స్వరానికి కొంచెం పైన అంది. లెక్క వేస్తే ఆ కింది స్థాయి జి 49 హెర్ట్జ్, కరెంటు 50. తేడా దాదాపు 35 సెంట్లు, అంటే అరస్వరంలో మూడో వంతు.

దాన్ని వదిలించుకోవడం ఎందుకు, తంబురా అనుకుందాం అన్నాను. ఎ స్వరం మామూలుగా ఉండే 440 హెర్ట్జ్ కాకుండా 449కి పెట్టి గిటార్లన్నీ శ్రుతి చేశాం. అలా చేస్తే జి సరిగ్గా 50 మీద కూర్చుంటుంది. పాట మొదలవకముందు ఆంప్లిఫయరు హమ్మే ఆధార షడ్జం. తీగ మీటగానే ఆ రెండూ కలిసిపోయాయి. మాకు ఒళ్ళు జలదరించింది, బావ కూడా మారు మాట్లాడలేదు.

చిక్కు హార్మోనియంతో వచ్చింది. దాని రీడ్లు 440కి గీసినవి, వాటిని గీకి పాడు చేసుకోలేం. రీపర్ సాఫ్ట్‌వేర్లో పాట వేగాన్ని 0.98కి దించాం, శ్రుతి కూడా దాంతోపాటే దిగేలా. 449ని 0.98తో గుణిస్తే 440. చెల్లి ఆ నెమ్మది పాట మీద హార్మోనియం వాయించింది. తిరిగి మామూలు వేగానికి తెస్తే రీడ్లు కాస్త సన్నగా, ఎండలో పెట్టినట్టు మెరుస్తూ వినిపించాయి. టేపు రోజుల్లో యంత్రం వేగం మార్చి చేసేది ఇదే.

ఒక చిన్న తలనొప్పి మిగిలింది. కరెంటు గ్రిడ్ ఎప్పుడూ కచ్చితంగా 50 మీద ఉండదు. 49.90కీ 50.05కీ మధ్య ఉండాలని నియమం, ఆ మధ్యలో ఊగుతూ ఉంటుంది. 0.1 తగ్గితే మూడున్నర సెంట్లు. ఊళ్ళో దీపాలు వెలిగే వేళ హమ్ము కొద్దిగా జారడం నిజంగానే విన్నాం. ఆ టేకే ఉంచాం.

తొట్టి

మిల్లు వెనక వడ్లు నానబెట్టే సిమెంటు తొట్లు రెండున్నాయి. ఒకటి పగిలింది. రెండోది కడిగి, రెండ్రోజులు ఎండనిచ్చి, ఒక మూల చిన్న స్పీకరు గోడవైపు తిప్పి, ఎదురు మూల మైకు పెట్టాం. పైన పాత తలుపు చెక్క. రికార్డయిన గొంతుని ఆ స్పీకర్లోకి పంపి, తొట్టిలో తిరిగొచ్చిన శబ్దాన్ని మైకుతో పట్టడం. పాత స్టూడియోల్లో ఎకో గది అంటే ఇదే ఏర్పాటు.

మొదట వచ్చింది ఉత్త బొయ్యిమనే శబ్దం. పొడవు, వెడల్పు, లోతు మూడూ 8 అడుగులే కావడంతో 70 హెర్ట్జ్ దగ్గర మూడు వైపుల అలలూ ఒకదాని మీదొకటి పడుతున్నాయి. రెండు పనులు చేశాం. పంపే శబ్దంలో 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశాం. ఇఎంఐ ఎకో గదిలో పింగాణీ పూత మురుగు గొట్టాలు నిలబెట్టి ఉంచేవారు, అల ఎటూ తిన్నగా పోకుండా. మేం కల్వర్టు పనిలో మిగిలిన తూము గొట్టాలు మూడు తెచ్చి లోపల నిలబెట్టాం. వాటిని దించడానికి గురు మేళం వాళ్ళంతా వచ్చారు, టీలూ బజ్జీలూ మా లెక్క.

చెల్లి మూడో పాట పాడుతుంటే, "నీ నీడ నా కాడే ఒగ్గీసి ఎల్లిపోనావేటి ఎండపొద్దా" అన్న చరణం చివర తొట్టిలోంచి బల్లి పలికింది. స్పీకర్లో వచ్చిన గొంతుకి జవాబిచ్చినట్టు. చెల్లి వెంటనే నేల మీద వేలితో తట్టి "సత్తెం సత్తెం" అంది. అది కూడా పడింది. ఆ బల్లిని తీసేసేవాడెవడూ మా బ్యాండులో లేడు.

సాహిత్యం అంతా మా ఇళ్ళల్లో మాటే. బావకి మొదట్లో కొంచెం బెరుకు, హైదరాబాదు వాళ్ళు నవ్వుతారేమోనని. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ ఆ బెరుకేమిటని చెల్లి కసిరింది.

నౌపడా రైలు

పొట్టి పాట, మూడు నిమిషాలు. నౌపడా నుంచి మా ఊరికి 1900లో చిన్న రైలు వచ్చింది, పట్టాల మధ్య రెండున్నర అడుగులు. 1931లో గుణుపురం దాకా సాగింది. 2004లో ఆపి, బ్రాడ్‌గేజి చేసి మళ్ళీ నడిపారు. ఇప్పటి పట్టాలు అతుకుల్లేకుండా వెల్డు చేసినవి, పాత "టకటక టకటక" వినబడదు. బావ వాళ్ళ తాతగారు టేబులు మీద వేళ్ళతో ఆ నడక వాయించి చూపిస్తే నేరుగా ఆ టేబులుకే మైకు పెట్టాం. డ్రమ్ములు లేవు. అయిపోయింది.

ఉగాది వారం, జముకు

దీని గురించి ఎక్కువ రాస్తాను.

గురు ముందు చంద్రగిరి మాట ఎత్తాడు. ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనే టిబెట్ వాళ్ళ ఊళ్ళున్నాయి, జీరంగోలో పెద్ద మఠం ఉంది. అక్కడి కొమ్ముబూరాలూ మంత్రాలూ రికార్డు చేసి పాటలో కలుపుదామన్నాడు. వద్దన్నాను. ఒకరి ప్రార్థన మన పాటకి మసాలా కాదు. అరవైల్లో తూర్పు దేశాల వైపు చూసిన రికార్డుల్లో నాకు నచ్చని సంగతి కూడా అదే.

మనదంటూ ఒకటి చేతికందే దూరంలో ఉంది. పాతపట్నం అవతల పల్లెలో జముకుల కథ చెప్పే తాత ఉన్నాడు. జముకు చూడనివాళ్ళ కోసం: అడుగు పైచిలుకు పొడవున్న గొట్టంలాంటి పాత్ర. ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది, రెండోది తెరిచి ఉంటుంది. తోలు నడిమి నుంచి ఒక తంతి పాత్ర లోపలగా బయటికొస్తుంది. దాని కొసన చిన్న కర్రముక్క. పాత్రని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో ఆ కర్రని లాగిపట్టి, రెండో చేత్తో తంతిని మీటుతారు. లాగితే శ్రుతి ఎక్కుతుంది, సడలిస్తే జారుతుంది. ఒక్క మీటుకి "జుంమ్మ్‌వ్‌ఊ" అని స్వరం పాకుతుంది. 1966లో కాలిఫోర్నియాలో థామస్ ఆర్గన్ కంపెనీలో తయారైన వా పెడల్, పాదంతో నొక్కితే స్వరం రంగు మాత్రమే మారుస్తుంది. జముకు స్వరాన్నే కదుపుతుంది.

డబ్బు సంగతి ముందే మాట్లాడాం. రాత్రి కథకి ఆయన తీసుకునేది, దాని మీద ఆ పాట ఆదాయంలో సగం. తెలుగులో కాయితం రాసి, మనవడి చేత చదివించి వినిపించి, వేలిముద్ర కాదు, సంతకమే పెట్టించుకున్నాం. పేరు ఆల్బం అట్ట మీద ఉంటుంది.

బావ అడిగింది నాలుగు మీటులు. వాటిని కత్తిరించి, మళ్ళీమళ్ళీ తిరిగేలా లూపు చేద్దామని. తాత జముకుని ఒళ్ళో పెట్టుకుని మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఇదేటి బాబూ, ముక్క ముక్క వాయించమంటన్నారు. కథ నేకండా జముకెలగ పలుకుద్ది?"

"కథ వద్దని కాదు తాతా, పాటలో ఇమడాలి కదా."

"మీ పాటే కథలో ఇముడుద్ది. కూకోండి."

కూర్చున్నాం. తోలుని సన్న మంట మీద కాచి వేలితో తట్టి చూసుకున్నాడు. ఒక మైకు తెరిచిన మూతికి జానెడు దూరంలో, తంతి ఊగే దారికి పక్కగా పెట్టాను. సూటిగా పెడితే గాలి పోటుకి మైకు మొరాయిస్తోంది. అదే మొదటి ఇన్‌పుట్. ఆ శబ్దాన్ని అప్పటికప్పుడు తొట్టిలోకి పంపి, తొట్టి మైకుని రెండో ఇన్‌పుట్‌లో పెట్టాను. అంటే ఎకో సహా ఆ క్షణాన పడిపోవాల్సిందే. ఆయన గొంతు కూడా జముకు మైకులోనే.

శ్రుతి ఆయన గొంతుకి తగ్గట్టు ఎక్కడో ఎఫ్ షార్పుకీ జికీ మధ్య ఉంది. ట్యూనర్ చూపించే ప్రశ్నే లేదు. బావే తీగలు దించుకున్నాడు. అమ్మవారి కథ మొదలైంది. తాళం మన లెక్కలో ఉండదు. మాట ఎక్కువైన చోట సాగుతుంది, ఉరికే చోట ముడుచుకుంటుంది. గురు రెండు చరణాలు ఊరికే విని, మూడో దాని నుంచి కర్రలకి గుడ్డ చుట్టి టామ్ డ్రమ్ము మీద మెల్లగా చేరాడు. వాడు లయ కొట్టే మెట్రోనోము వినకుండా తాత చంక కదలిక చూస్తూ వాయించాడు. బావ ఒక్క తీగ మీదే ఉన్నాడు. మా శబ్దం జముకు మైకులోకి కారుతుందని తెలుసు, కారనిచ్చాను. ఆపమని సైగ చెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కథ అమ్మవారు గుడికి చేరేదాకా సాగింది. 19 నిమిషాలు.

ఆ సాయంత్రం ల్యాప్‌టాపులో చూశాను. ఒకే మీటులో స్వరం 90 హెర్ట్జ్ నుంచి 180 దాకా పాకుతోంది, అంటే పూర్తి స్థాయి. శబ్దం మార్చే ఏ సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌లోనూ ఇంత పచ్చిగా రాదు.

ఎండలు, గ్రైండరు

లెస్లీ స్పీకర్ కావాలి. డాన్ లెస్లీ అనే ఆయన హామండ్ ఆర్గన్ కోసం తయారుచేసిన పెట్టె; లోపల గొట్టం గుండ్రంగా తిరుగుతుంటే శబ్దం దగ్గరికొచ్చి దూరమవుతూ అలలాడుతుంది. 1966లో లండన్‌లో గొంతుల్ని కూడా అందులోంచి పంపారు. అసలుది బీరువా అంత ఉంటుంది, లక్షలు పోయాలి.

మా ఇంట్లో టేబుల్‌టాప్ వెట్ గ్రైండరుంది. రాళ్ళు తీసేసి, డ్రమ్ములో బ్యాటరీతో పనిచేసే బ్లూటూత్ స్పీకరుని అంచుకి ఆనించి గుడ్డతో బిగించాను. తీగ లేదు కాబట్టి చుట్టుకోదు. సుద్దముక్కతో గీత గీసి లెక్కపెడితే నిమిషానికి 130 చుట్లు. అంచు వేగం సెకనుకి దాదాపు 1.4 మీటర్లు, దానికి శ్రుతి అటూ ఇటూ 7 సెంట్లు ఊగుతుంది. తేడా పోల్చలేం, కానీ ఏదో కదులుతోందని చెవికి తెలుస్తుంది. అసలు లెస్లీకి నెమ్మది, వేగం అని రెండు నడకలున్నాయి; మాది ఆ రెండింటి మధ్య. మోటారు చప్పుడు పడకుండా గ్రైండరుని ఊకబస్తాల మధ్య కూర్చోబెట్టాం. బ్లూటూత్ ఆలస్యాన్ని తర్వాత జరుపుకోవచ్చు. అది నిర్ణయం కాదు, లెక్క, కాబట్టి నియమానికి అడ్డురాదు. అమ్మ మూడ్రోజులు ఇడ్లీలు పెట్టలేదు.

గొంతుని రెండు చెయ్యడానికి క్యాసెట్ డెక్కు. 1966లోనే ఇఎంఐ ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ దీనికో పద్ధతి కట్టాడు: పాడినదాన్నే రెండో టేపు యంత్రంలో నడిపి, దాని వేగాన్ని కొద్దిగా అటూ ఇటూ మారుస్తుంటే, ఒక్కరు పాడినా ఇద్దరు పాడినట్టుంటుంది. మాకు వేగం మార్చే మీట అక్కర్లేదు. మా డెక్కు బెల్టు ముసలిది, అదే ఊగుతుంది. చెల్లి గొంతుని క్యాసెట్‌లోకి ఎక్కించి తిరిగి దింపి, అసలు ట్రాకు పక్కన ప్రతి చరణం మొదట్లో జత కలిపాను. చరణం చివరికి 30, 40 మిల్లీసెకన్లు తప్పుతోంది. ముందు హెడ్డూ రబ్బరు రోలరూ స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే టేపు నమిలేస్తుంది.

ఫ్యాను వేస్తే మైకులో గాలి. తీసేస్తే గోదాములో ఉడికిపోతున్నాం. తెల్లవారుజామునే పాటలు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద రికార్డింగు చెయ్యం. దాని గరగర 50 దగ్గర ఆగదు, స్వరాలన్నిట్లోకీ ముళ్ళలా పాకుతుంది. కరెంటు వచ్చేదాకా ఈతచెట్టు కింద పేకాట.

బస్తాలు దిగకముందు

మిక్సింగు అనుకున్నదానికన్నా త్వరగా అయిపోయింది. కలపాల్సినవన్నీ వాయించేటప్పుడే కలిసిపోయాయి కనక, ఏ పాటలోనూ ఎనిమిది ట్రాకులు దాటలేదు. మాస్టరింగ్‌లో, అంటే చివరి మెరుగులో, శబ్దాన్ని గట్టిగా నొక్కలేదు. స్పాటిఫై లాంటివి ఎలాగూ పాటల్ని మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్ (పాట ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి దించేస్తాయి. హమ్ము ఒక్కటే ఉన్న చోటికీ, అందరూ విరుచుకుపడే చోటికీ మధ్య తేడా చచ్చిపోతే ఈ పాటలకి అర్థమేముంది?

వరస బావ కట్టాడు. ఎల్పీలాగా రెండు వైపులు, ఒక్కోటీ 20 నిమిషాలు. జముకు పాట రెండో వైపు చివర, ఆరో నిమిషంలో నెమ్మదిగా తగ్గిపోతుంది. బాగుంది కూడా.

ఫైలు తాత మనవడి ఫోనుకి పంపాం. ఫోను వచ్చింది.

"నా జముకేది బాబూ? ఉత్త గొంతే ఇనబడతంది."

నిజమే. ఫోను స్పీకరు 300 హెర్ట్జ్ కింద దాదాపు పలకదు. జముకు అసలు స్వరమంతా 200 లోపే. జముకు ట్రాకు నకలు తీసి, క్యాసెట్‌లోకి గట్టిగా, శబ్దం చిట్లేంత ఎక్కించి, తిరిగి తెచ్చి అసలుదాని కింద సన్నగా కలిపాను. శబ్దం అలా చిట్లినప్పుడు పుట్టే పైస్వరాలు 300 పైన పడతాయి. వాటిని విని చెవి కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. మళ్ళీ పంపాం.

"ఇప్పుడినబడతంది. మరైతే కథ మద్దిలో ఒగ్గీసినారేటి? అమ్మోరు గుడికెల్లకండానే ఆపీసినారు."

బావకి కోపం వచ్చింది. మిక్సు అయిపోయింది, మళ్ళీ మొదలా, తర్వాత అనే మాట లేదని నువ్వే అన్నావు కదరా అని నా నియమం నాకే అప్పజెప్పాడు. అదే నియమం ప్రకారం, 19 నిమిషాలూ ఎకోతో సహా ఆ రోజే పడిపోయాయి. తర్వాత కూర్చుని కోసింది మనమే. కొత్తగా చెయ్యాల్సిన పనేం లేదు, కత్తెర తీసేయడమే. గురు, చెల్లి ఇద్దరూ తాత వైపు.

మొత్తం 53 నిమిషాలవుతుంది. ఆన్‌లైన్‌లో నిడివి సమస్య లేదు. రెండు వైపుల ముచ్చట కోసం బావ క్యాసెట్లు కూడా వేద్దామంటున్నాడు. సి-60కి ఒక్కో వైపు 30 నిమిషాలు. ఒక పాటని అటు మారిస్తే మొదటి వైపు 26, రెండో వైపు 27. ఖాళీ సి-60లు బరంపురంలో పాత సరుకుగా ఉన్నాయని బావకెవరో చెప్పారట. ఎల్లుండి బస్తాల లారీ వస్తోంది, రేపు ఊకసంచులు మోసేశాకే వెళ్ళాలి.